లంద కుండ చెప్పే చరిత్ర

ఘన్‌పూర్లు రెండు ఉన్నాయి. ఒకటి మా స్టేషన్ ఘన్‌పూర్. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలు దారిలో ఉంది కాబట్టి ఆ పేరు. రెండోది కోటగుళ్లు ఉన్న ఘన్‌పూర్. ఇప్పుడది భూపాలపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం, గణపురం అని కూడా అంటారు. ఈ రెండు ఘన్‌పూర్ల మధ్య ప్రయాణం చేస్తే మన బతుకుల పటం మొత్తం కనిపిస్తుంది. మా వైపు లంబాడీ తండాలు. మహబూబాబాద్, ములుగు వైపు పోయేకొద్దీ కోయ గూడేలు. ఇంకా లోపలికి అడవిలోకి పోతే, బస్తర్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల గుంపులు.

భాషలు వేరు, దేవుళ్లు వేరు, పండుగలు వేరు. ఒక జ్ఞాపకం మాత్రం అన్ని చోట్లా ఒకటే. తెల్లవారకముందు జీపు చప్పుడు, ఆడవాళ్ల అరుపులు, పగిలిన కుండల పెంకులు. మా తండాలో చిన్నప్పుడు మేమూ ఆ పెంకులతో ఆడుకున్నాం. పగిలింది ఏ కుండ, అందులో ఏముంది అని ఎవరూ మాకు చెప్పలేదు. బయటివాళ్లకు అన్నీ ఒకటే: "సారా కుండలు."

అన్నీ ఒకటి కావని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల కింద భూపాలపల్లి వైపు ఒక గుత్తికోయ గుంపుకు పోయినప్పుడు, ఒక అవ్వ వాకిట్లో తడిపిన మక్కలను గడ్డి కింద కప్పిపెట్టి ఉంచింది. "అవ్వా, ఇవి విత్తనాలకా?" అని అడిగాం. "విత్తనానికి కాదు బిడ్డా, లందకు" అన్నది. ఈ వ్యాసం అక్కడ మొదలైంది. తాగమని చెప్పడానికి మేము దీన్ని రాయడం లేదు. తాగుడు వల్ల మన ఇళ్లలో ఎన్ని దీపాలు ఆరిపోయాయో మాకు తెలుసు. కానీ కుండతో పాటు ఒక విద్య కూడా పగిలిపోయింది. ఆ విద్య ఏమిటో, అది నేరం ఎట్లా అయిందో మన పిల్లలకు తెలియాలి.

తీపి ఉన్నవి, తీపి పుట్టించవలసినవి

మత్తు ఎట్లా పుడుతుందో ముందు చూద్దాం. తీపి ఉన్న నీళ్లలో ఈస్టు అనే సూక్ష్మజీవి చేరితే అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. కల్లు కుండలో నురగ వచ్చేది అందుకే. తాటి, ఈత, జీలుగు చెట్ల నీరలో చక్కెర ఉంటుంది కాబట్టి చెట్టు మీదనే పులుస్తుంది, మనిషి చేసేది గీయడం, దించడం. ఇప్పపువ్వు సంగతి కూడా అంతే. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. నానబెడితే చాలు, తనంతట తాను పులుస్తుంది.

ధాన్యం అట్లా కాదు. వడ్లు, జొన్నలు, మక్కలు, తైదలు అన్నింటిలో ఉండేది పిండిపదార్థం. ఈస్టు పిండిని తినలేదు. అన్నం నీళ్లలో వేసి ఎన్ని రోజులు పెట్టినా పులుస్తుందే గానీ లంద కాదు. పిండిని ముందు తీపి చెయ్యాలి. ఆ పని చేసే శక్తి ధాన్యంలోనే నిద్రపోతూ ఉంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు, బుజ్జి మొక్కకు ఆహారం అందించడానికి, లోపలి పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. వీటిని అమైలేజులు అంటారు. మొలక వచ్చిన గింజను సరైన సమయంలో ఎండబెట్టి ఆపితే, ఆ శక్తి పొడిలో నిలవ ఉంటుంది. బీరు కంపెనీలు "మాల్ట్" అని కొనేది ఇదే. అంగన్‌వాడీలో, ఇంట్లో పిల్లలకు కాచి ఇచ్చే రాగి మాల్ట్ కూడా ఈ కుటుంబంలోదే. మన తెలంగాణలో రాగులను తైదలు అంటాం. మొలకెత్తిన తైదల పిండితో చేసిన జావ తియ్యగా, పలుచగా ఉంటుందని మన అవ్వలకు తెలుసు.

లంద కుండ ఎట్లా పనిచేస్తుంది

బస్తర్ ప్రాంతంలో లంద చేసే పద్ధతి ఇది. జగ్దల్‌పూర్ చుట్టుపక్కల సంతల్లో ఆడవాళ్లు దీన్ని బహిరంగంగానే అమ్ముతారు.

మొదట మక్కలనో తైదలనో తడిపి, ఆకులతోనో గడ్డితోనో కప్పి, మూడు నాలుగు రోజులు నీళ్లు చల్లుతారు. మొలక రాగానే ఎండబెట్టి దంచి పొడి చేస్తారు. ఇది ఒక పక్క. ఇంకో పక్క బియ్యం పిండిని ఆవిరి మీద ఉడికిస్తారు. పొయ్యి మీద సగం నీళ్లు పోసిన కుండ, దాని మూతి మీద పిండి పెట్టిన బుట్టనో ఇంకో పాత్రనో పెడతారు. ఉడికిన పిండిని చల్లార్చి, నీళ్లున్న మరో కుండలో వేసి, మొలకల పొడి కలుపుతారు. రెండు రోజుల నుంచి వారం దాకా, ఎండాకాలమా చలికాలమా అన్నదాన్ని బట్టి ఉంచుతారు. తరువాత కొందరు వడకట్టి తాగుతారు, కొందరు పిప్పితో సహా తాగుతారు. చిక్కగా, పుల్లగా ఉంటుంది. పొలం పనికి పోయేవాళ్లకు ఇది సగం తిండి.

ఇందులో రెండు లెక్కలు దాగి ఉన్నాయి. ఉపాధ్యాయ మిత్రులు వీటిని గమనించాలి.

మొదటిది, బియ్యం పిండిని ఎందుకు ఉడికించాలి? పచ్చి పిండి రేణువు గట్టిగా ముడుచుకుని ఉంటుంది. ఎంజైము దానిలోకి సులువుగా చొరబడలేదు. వేడి నీటిలో అది ఉబ్బి విచ్చుకోవాలి. బార్లీ పిండి సుమారు 60 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడులోనే విచ్చుకుంటుంది. బియ్యానికి అంతకంటే ఎక్కువ, 70 డిగ్రీలు దాటిన వేడి కావలసి వస్తుంది. అంత వేడిలో మొలకల పొడిని వేసి ఉడికిస్తే దాని శక్తి చచ్చిపోతుంది. అందుకని బియ్యాన్ని విడిగా ఉడికించి, చల్లార్చాకే పొడి కలపాలి. బియ్యమో మక్కలో కలిపి బీరు చేసే పెద్ద ఫ్యాక్టరీలు కూడా ఆ ధాన్యాన్ని వేరే పాత్రలో ముందుగా ఉడికించి తరువాతనే మాల్ట్‌తో కలుపుతాయి. అక్కడ థర్మామీటరు చెప్పేది ఇక్కడ అవ్వ చెయ్యి చెబుతుంది.

రెండోది వడకట్టడం. అన్నం ఉడికాక సిబ్బి అడ్డంపెట్టి గంజి వార్చడం మనకు తెలిసిన పనే. ధాన్యం కుండలో మిగిలి, నీళ్లు బయటికి రావాలి. బీరు కాచేవాళ్లు చేసేదీ ఒక రకంగా ఈ వార్పే. ఇప్పుడు పట్నాల్లో, విదేశాల్లో ఇళ్లలో బీరు చేసుకునేవాళ్లు ఒకే స్టీలు గుండిగలో ఈ పనులన్నీ కానిస్తారు. గుండిగ అడుగున చిల్లుల పళ్లెం, కింద నల్లా ఉంటాయి. 65 నుంచి 67 డిగ్రీల వేడి నీళ్లలో నలగ్గొట్టిన బార్లీ మాల్ట్ కలిపి ఒక గంట మూతపెడతారు. పిండి తీపి అవుతుంది. తరువాత నల్లా మెల్లగా విప్పుతారు. మొదట వచ్చే నీళ్లు మడ్డిగా ఉంటాయి, వాటిని మళ్లీ పైనుంచి పోస్తారు. కొంతసేపటికి బార్లీ పొట్టే మెత్తలాగా పేరుకుని జల్లెడ అవుతుంది, తేటనీళ్లు దిగుతాయి. చివరకు 75 డిగ్రీల దగ్గరి వేడినీళ్లు పైన పోసి, పిప్పిలో మిగిలిన తీపిని కడిగి దించుతారు. అంతకంటే బాగా ఎక్కువ వేడి అయితే పొట్టులోని వగరు దిగుతుంది.

లందలో బియ్యం పిండికి పొట్టు ఉండదు, అందుకే అది తనను తాను వడకట్టుకోదు. బట్టో బుట్టో కావాలి, లేదంటే పిప్పితోనే తాగాలి. పనిముట్టు ధాన్యాన్ని బట్టి మారింది, విద్య ఒకటే.

లోకమంతా ఇదే విద్య

ఇది మన ఒక్కరి దగ్గరే పుట్టిందని మేము అనడం లేదు. నేటి ఇరాక్ ఉన్న చోట సుమేరియన్లు దాదాపు 3,800 ఏళ్ల కింద మట్టి పలకల మీద బీరు దేవత నింకాసి స్తోత్రం రాశారు. అందులో మొలకధాన్యం ప్రస్తావన ఉంది. మనం తినే తైదల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాలు. ఉగాండాలో టెసో ప్రజలు ఈనాటికీ తైదల మొలకలతో చేసిన పానీయాన్ని ఒకే కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో తాగుతారు. నేపాల్ కొండల్లో లింబూ ప్రజలు తైదలతో చేసే తోంగ్బా కూడా గొట్టంతో తాగేదే, అయితే వాళ్లు మొలకకు బదులు బూజు బిళ్లను వాడతారు.

సైన్సు చరిత్రలో మరో విషయం ఉంది. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మాల్ట్ నీటి నుంచి పిండిని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేసి దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనుషులు వేరుచేసి చూసిన మొట్టమొదటి ఎంజైము అదే. అంటే ఎంజైముల శాస్త్రం మొలకధాన్యం దగ్గర మొదలైంది. మన పిల్లలు బడిలో ఎంజైము అన్న మాట కొత్తగా వింటారు. దాని పని మాత్రం ఇంట్లో చూసే ఉంటారు. ఆ రెంటినీ కలిపి చెప్పే పాఠం లేదు.

ఆబ్కారీ వచ్చింది

కుండ మొదటి నుంచీ నేరం కాదు. కోయ గూడేల్లో పండుగకు, పెళ్లికి, చావుకు, పెద్దల పూజకు ఇప్పసారా చుక్క నేల మీద వదలకుండా పని మొదలుకాదు. మా తండాల్లో కూడా పంచాయితీకి, పెళ్లి మాటకు దారు పెట్టేవాళ్లు. ఎవరు చెయ్యాలి, ఎప్పుడు తాగాలి, ఎంత తాగాలి అన్నది కులపెద్దలు, ఊరు, కాలం నిర్ణయించేవి. ఇప్పపువ్వు రాలేది ఎండాకాలంలోనే. ధాన్యం మిగిలితేనే లంద.

ప్రభుత్వాలకు ఇందులో ఆదాయం కనిపించాక కథ మారింది. పువ్వు, చెట్టు, కుండ మూడూ గుత్తకు పోయాయి. గోదావరి జిల్లా రంప కొండల్లో ఇది యుద్ధానికే దారితీసింది. తమ ఇంటికోసం కల్లు గీసుకునే హక్కు మీద కొత్త ఆబ్కారీ నిబంధనలు పడ్డాయి. కల్లు గుత్తలు బయటి కాంట్రాక్టర్లకు పోయాయి. మన్సబ్‌దారు వేసిన చిగురుపన్ను దానికి తోడైంది. 1879లో కొండరెడ్లు, కోయలు, ముఠాదారులు తిరగబడ్డారు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర ఆ తిరుగుబాటు నాయకుల్లో ఉన్నారు. ఇద్దరూ 1880లో ప్రాణాలు కోల్పోయారు. రంప అనగానే మనకు 1922 నాటి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. దానికి 43 ఏళ్ల ముందే జరిగిన ఈ పోరాటానికి ముఖ్య కారణాల్లో ఒకటి కల్లు మీద హక్కు అన్నది పాఠాల్లో చాలామందికి చేరలేదు.

బొంబాయి ప్రెసిడెన్సీలో ఇంకా విచిత్రం. 1892లో అక్కడి ప్రభుత్వం ఇప్పపువ్వు మీదనే చట్టం తెచ్చింది. కొన్ని జిల్లాల్లో ఆ పువ్వును సేకరించడం, నిలవ పెట్టడం ఆంక్షల కిందికి వచ్చాయి. పేదలు కరువులో వండుకు తినే పువ్వు, పశువులకు పెట్టే పువ్వు దొంగసొమ్ము అయింది.

నిజాం రాజ్యంలో ఉన్న మన ప్రాంతం కూడా దీనికి దూరంగా లేదు. భూమిశిస్తు తరువాత ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి. కల్లు, సారా గుత్తలు పాడుకున్న కాంట్రాక్టరు ఊళ్లో దుకాణం పెడతాడు. ఇంట్లో చేసుకుంటే అతని గిరాకీ తగ్గుతుంది, గుత్త సొమ్ము రాదు. అందుకే ఇంటి కుండ నేరమైంది. ఆరోగ్యం కోసం ఆ కుండను ఆపలేదు. దుకాణంలో అమ్మకం ఏనాడూ ఆగలేదు కదా! చేసుకునేవాడు కొనుక్కునేవాడయ్యాడు, కొనడానికి డబ్బు లేనివాడు అప్పుపడ్డాడు. గిరిజన ప్రాంతాల్లో భూములు చేతులు మారిన కథల్లో సారా అప్పు ఎన్నిసార్లు వస్తుందో మీ ఊళ్లో ముసలివాళ్లను అడిగి చూడండి.

సారా నుంచి గుడుంబా దాకా

స్వాతంత్ర్యం వచ్చినా దుకాణం లెక్క మారలేదు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పల్లెలకు పంపింది. ఆ ప్యాకెట్ల మీద తిరగబడింది ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, సారా మాత్రం తిరిగి రాలేదు. సీసా మద్యం వచ్చింది.

సారా పోయిన చోట గుడుంబా పెరిగింది. గుడుంబాకు మన పూర్వీకుల విద్యతో సంబంధం లేదు. నల్లబెల్లం పానకం, పటిక, చేతికందిన ఏదో ఒకటి వేసి పులియబెట్టి, కాచి దించేది అది. బెల్లంలో తీపి ముందే ఉంది కాబట్టి మొలక అక్కరలేదు, పువ్వు అక్కరలేదు, రుతువు అక్కరలేదు. బెల్లం కొనడానికి పెట్టుబడి, అమ్మడానికి గిరాకీ ఉంటే ఏడాది పొడుగునా చెయ్యవచ్చు. జనగామ, మహబూబాబాద్ తండాలకు పత్రికల్లో పేరు వచ్చింది దీనితోనే. "బెల్లం పానకం ధ్వంసం" అన్న వార్త పక్కన మా తండా పేరు చూసి సిగ్గుతో తలదించుకున్న రోజులు మాకున్నాయి. భూమి లేని, పనిలేని ఇళ్లలో ఒంటరి ఆడవాళ్లు దీన్ని కాచి పిల్లలను చదివించిన సంగతి ఆ వార్తలో ఉండదు. ఆ గుడుంబా తాగి పక్క ఇంటి మగవాడు చచ్చిపోయిన సంగతి మన మాటల్లోనూ ఉండదు. రెండూ నిజమే. రెండూ చెప్పుకోవాలి.

కల్లులో, లందలో మత్తు బలం తక్కువ. కాచి దించిన సారాలో, గుడుంబాలో అది అనేక రెట్లు ఎక్కువ. ఇప్పసారా కూడా దించిందే కాబట్టి అది మనది అన్న ఒక్క కారణంతో మంచిది అయిపోదు. ఎక్కువైతే లంద కూడా ఇల్లు గుల్ల చేస్తుంది. అయితే ఒకే పేరుతో అన్నింటినీ కలిపి కొట్టినప్పుడు, కొట్టేవాడికి పని సులువవుతుంది, మనకు మన చరిత్ర మసకబారుతుంది.

చట్టంలో మన మాట ఎక్కడ

1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మత్తు పానీయం తయారు చెయ్యడం నేరం. తెలంగాణలోనూ అదే చట్టం నడుస్తోంది. 1970ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల మద్యం విధానం గురించి రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార దుకాణాలు ఎత్తివేయాలని, తమ వాడకానికి సంప్రదాయ పానీయాలు చేసుకోనివ్వాలని, మెల్లగా తాగుడు మాన్పించాలని వాటి సారాంశం. చాలాచోట్ల దుకాణాలు మిగిలాయి, కుండలు పోయాయి.

1996లో వచ్చిన పెసా చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు ఉండాలని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. మన రాష్ట్రంలో దీనికి నియమాలు 2011లో వచ్చాయి. కాబట్టి గ్రామసభ దుకాణం వద్దనగలదు. పండుగ కుండకు హద్దులు పెట్టగలదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల ఏజెన్సీ ఊళ్లకు ఇది వర్తిస్తుంది. మా స్టేషన్ ఘన్‌పూర్ తండాలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు కాబట్టి మాకు వర్తించదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు గ్రామపంచాయతీలు అయ్యాయి, మా సర్పంచి మా మనిషే. కానీ బెల్టుషాపు వద్దని తీర్మానం చేస్తే దానికి పెసా బలం లేదు.

అదే కాలంలో హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీలకు అనుమతులు వచ్చాయి. అక్కడ గాజు గోడ వెనుక మెరిసే గుండిగలో మాల్ట్ కలుపుతారు, వారుస్తారు, పులియబెడతారు. జనం గ్లాసు పట్టుకుని ఆ గుండిగను చూస్తూ కూర్చుంటారు. చేసేది లంద పనే. లైసెన్సు ఫీజు కట్టగలవాడి గుండిగ వ్యాపారం, కట్టలేనిదాని కుండ నేరం. మేము ఆ గుండిగలను పగలగొట్టమనడం లేదు, మాకూ లైసెన్సులు కావాలనడం లేదు. ఈ తేడా ఎట్లా వచ్చిందో మన పిల్లలు అడగగలగాలి.

బడిలో ఏం చేయవచ్చు

ఉపాధ్యాయ మిత్రులారా, మత్తు చుక్క లేకుండా ఈ విద్యను తరగతిలో చూపించవచ్చు. తైదలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో రెండు మూడు రోజులు మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి పొడి చేయించండి. చిక్కటి మక్క గట్క రెండు గిన్నెల్లో తీసుకోండి. వేలు పెడితే చురుక్కుమనేంత వేడికి, 60 డిగ్రీల దగ్గరికి చల్లారాక, ఒక గిన్నెలో రెండు చెంచాల మొలకల పొడి కలపండి. వేడి తగ్గకుండా మూతపెట్టి గుడ్డ చుట్టండి. అరగంట తరువాత చూస్తే ఆ గిన్నెలోది పలుచబడి ఉంటుంది. రుచి చూస్తే తియ్యగా ఉంటుంది. రెండింటి నుంచి ఒక్కో చుక్క పళ్లెంలో వేసి అయోడిన్ కలపండి. గట్క ఉన్న చుక్క ముదురు నీలం అవుతుంది. మొలక కలిపిన చుక్కలో ఆ రంగు తగ్గుతుంది. అయోడిన్ కలిపింది మాత్రం ఎవరూ నోట్లో పెట్టకూడదు.

1980ల్లో బరోడా విశ్వవిద్యాలయ పోషకాహార శాస్త్రవేత్తలు ఈ సూత్రం మీదనే పసిపిల్లల తిండి తయారు చేశారు. చిక్కటి జావ చంటిపిల్లవాడు మింగలేడు, నీళ్లు కలిపితే బలం తగ్గుతుంది. చిటికెడు మొలకల పిండి కలిపితే బలం తగ్గకుండానే జావ పలుచబడుతుంది. మన పిల్లల ఆకలికి మన కుండ విద్య పనికొచ్చే దారి ఇది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లో ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి. ఏ ధాన్యం, ఎన్ని రోజులు, ఏ పండుగకు, ఎవరు తాగకూడదు, ఎవరు ఆపేవాళ్లు? ఆపేవాళ్ల సంగతి మరవకుండా అడగండి. పూర్వం ఆ అధికారం మన ఊరి చేతిలో ఉండేది. మొలక కట్టిన చెయ్యే మోతాదు పెట్టేది. గుత్తేదారు వచ్చి ఆ చెయ్యిని పక్కకు నెట్టాడు. తాగుడు మానాలన్నా, మాన్పించాలన్నా ఆ నిర్ణయం మళ్లీ మన గ్రామసభలో, మన ఆడవాళ్ల చేతిలోనే జరగాలి.

మేము గుంపు నుంచి తిరిగి వచ్చేటప్పుడు అవ్వ మా చేతిలో గుప్పెడు మొలకల మక్కలు పెట్టింది. వాటిని స్టేషన్ ఘన్‌పూర్ తెచ్చి, మా బడి పిల్లలకు చూపించాం. ఒక పిల్ల గింజ కొరికి, "తియ్యగుంది సార్, ఎందుకు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇంత రాశాం.